సోమవారం తర్వాతి ఆటలు

మా అక్క ఫోనులో మైకు పాడైన దగ్గర మొదలుపెట్టాలి. తర్వాత జరిగినవన్నీ దాని చాటునే జరిగాయి.

నేను షార్జాలో ఒక గోదాములో స్టోర్‌కీపర్‌ని. పదకొండేళ్లయింది. అక్క నారాయణఖేడ్‌లో, బస్ డిపో వెనక వీధిలో ఉండేది. నాకంటే నాలుగేళ్లు పెద్ద. బావ ఖేడ్ నుంచి మనూర్‌కు షేరింగ్ ఆటో నడుపుతాడు. వాళ్లకు పిల్లలు లేరు. నేను పెళ్లి చేసుకోలేదు. అమ్మ, నాయిన పోయిన తర్వాత ఊరంటే నాకు ఆ రెండు గదుల ఇల్లే.

మేముండే చోట అందరూ వాడే వీడియో కాల్ కలవదు. కలిసే యాప్‌లు వేరే ఉన్నాయి. వాటిలో ముఖం వస్తే మాట రాదు, మాట వస్తే ముఖం ఆగిపోతుంది. అక్క నోరు తెరిచి ఏదో చెబుతుండగా ఆగిపోయిన బొమ్మను చేతిలో పట్టుకుని ఎన్నోసార్లు కూర్చున్నాను. అందుకని వాయిస్ మెసేజీలకు అలవాటు పడ్డాం. ఆమె ఏడో తరగతి దాకా చదివింది. రోజూ పొద్దున బైబిల్ చదివేది. కానీ ఫోనులో అక్షరాలు వెతికి నొక్కే ఓపిక లేదు. "నోరుండంగ వేళ్లతోని మాట్లాడుడేంది రా?" అనేది.

ఆ వానాకాలం ఫోను తడిసింది. మరునాటి నుంచి ఆమె పంపిన మెసేజీల్లో గాలి వీచినట్టు ఒక చప్పుడు తప్ప ఏమీ లేదు. ఫోను చేసినా అంతే. నా మాట ఆమెకు వినిపిస్తుంది, ఆమె మాట నాకు వినిపించదు. డిపో ముందే రిపేరు దుకాణం ఉంది. బావ ఆటో నిలబెట్టేది దాని ఎదురుగానే. ఆ సంగతి గుర్తుచేశాను.

"రేపు తీస్కపోత," అన్నాడు బావ.

నెల దాటింది. అడిగిన ప్రతిసారీ అదే మాట. చివరికి నేనే అడగడం మానేశాను. మాకు ఆట మిగిలింది కదా అనుకున్నాను.

చిన్నప్పుడు ఇంట్లో బండ మీద బొగ్గుతో గళ్లు గీసి, చింతగింజలు కాయలుగా పెట్టి పచ్చీసు ఆడేవాళ్లం. ఇప్పుడు ఫోనులో లూడో ఆడేవాళ్లం. నాకు పన్నెండున్నరకు భోజనం విరామం. అక్కడ రెండవుతుంది. బావ తిని మళ్లీ ఆటో తీసుకుని వెళ్లిపోయే వేళ. రోజుకు ఒక్క ఆట. మైకు పోకముందు, మొదటి వారంలో ఆమె ఒక మెసేజీ పంపింది. "తమ్మీ, గీ పాచిక ఎవడేస్తుండు రా? నువ్వేస్తలేవు, నేనేస్తలేను. మనిద్దరి నడుమ ఎవడో కూసున్నడు." నవ్వుకుని, అది కంప్యూటర్ లెక్క అని చెప్పాను. ఆమె ఒప్పుకోలేదు. ఆరు పడనప్పుడల్లా ఆ నడుమ కూర్చున్నవాణ్ణి తిట్టేది.

అక్క కనికరం లేకుండా ఆడేది. నా కాయ ఆమె కాయకు అందే దూరంలో ఉంటే చంపకుండా వదిలింది లేదు. తన కాయ ఇంటికి చేరే అవకాశం ఉన్నా, దాన్ని వదిలేసి నా కాయను చంపేది. "ఆటల అక్క లేదు, తమ్ముడు లేదు," అనేది. నేను దొంగసొత్తు దాచినట్టు నా కాయల్ని మూలల్లో దాచుకుంటూ ఆడేవాణ్ణి. ఎక్కువ సార్లు ఓడేవాణ్ణి.

ఒకసారి యాప్ కొత్తది వచ్చి నా ఖాతా తెరుచుకోలేదు. మళ్లీ లోపలికి పోవాలంటే ఇండియా నంబరుకు వచ్చే అంకెలు కావాలంది. ఆ సిమ్ రీచార్జి చేయక ఎప్పుడో చచ్చిపోయింది. వేరే పేరుతో కొత్త ఖాతా తెరిచి అక్కను ఆటకు పిలిచాను. రాలేదు. మూడు రోజులు పిలిచినా రాలేదు. బావకు ఫోను చేశాను.

"ఎవడో కొత్తోడు పిలుస్తుండట. నేనెందుకు పోతా అంటుంది," అని నవ్వాడు.

"ఆ కొత్తోణ్ణి నేనే బావా, చెప్పు."

"చెప్పిన. నమ్ముతలేదు. నువ్వు నాలుగెత్తులు ఆడి సూపియ్యాలెనంట."

ఆడాను. నాలుగో ఎత్తుకు అవతల నుంచి నవ్వే బొమ్మ వచ్చింది. సాయంత్రం బావ ఫోనులో ఆమే మాట్లాడింది. "నువ్వేరా. భయపడుకుంట ఆడుతవ్, ఇంకెవడాడుతడు గట్ల?"

నాలుగెత్తుల్లో ఆమె నన్ను గుర్తుపట్టింది. ఈ మాట ఇక్కడ రాసి పెడుతున్నాను.

గల్ఫ్‌లో ఉండేవాళ్లలో ఒక పద్ధతి ఉంది. ఎవరింట్లోనైనా చావు జరిగితే ఆ కబురు ముందు అతనికి రాదు. అతని గదిలో ఉండేవాడికి వస్తుంది. టికెట్టు, పాస్‌పోర్టు, సెలవు కుదిరేదాకా ఆ గదివాడు కబురును మోయాలి. కొన్నిసార్లు విమానం దిగేదాకా చెప్పరు. తల్లికి బాగాలేదు, చూడాలంటోంది అని మాత్రమే చెప్పి ఎక్కిస్తారు. దీన్ని ఎవరూ అబద్ధం అనరు. మనిషిని కాపాడటం అంటారు.

నేనూ ఆ పని చేశాను. మనూర్ నుంచి వచ్చిన ఒకతని తల్లి పోయినప్పుడు, మూడు రోజులు అతని ఫోను చార్జింగు ఎక్కకుండా చేసి, బోర్డులో కరెంటు రావడం లేదని చెప్పాను. ఆ సంగతి అక్కకు వీడియోలో చెప్పాను. మంచిపని చేశానన్న నమ్మకం నా గొంతులో ఉండి ఉంటుంది. ఆ రోజు ముఖం ఆగలేదు, మాట ఆగలేదు. అక్క ఫోను దగ్గరికి జరుపుకుని అడిగింది.

"మూడు దినాలు వాడు నవ్విండా?"

"నవ్విండు. మాతోని క్రికెట్ చూసిండు."

"పాపం రా. తల్లి సచ్చిపోయింది, వాడు క్రికెట్ సూసుడు. వాని నవ్వు నువ్వు తీస్కున్నవ్." తర్వాత పక్కకు తిరిగింది. బావ అక్కడే కూర్చుని అన్నం తింటున్నాడు. "ఇనవడ్డదా? రేపు నాకేమన్న అయితే నా తమ్మునికి మొదలు చెప్పాలె. దాసిపెట్టుడు గిట్ల చెయ్యకుండ్రి."

"నీకేమైతది?" అన్నాడు బావ.

"మాటియ్యి."

"అన్నం తిననియ్యవా? సరే. చెప్త. మొదలు గానికే చెప్త."

మా మధ్య ఉన్న ఒప్పందం అంతే. కాగితం లేదు. ముగ్గురం విన్నాం.

ఆ సోమవారం అక్క నా నాలుగో కాయను చంపింది. ఇంకో రెండు గళ్లు దాటితే అది ఇంటి దారిలోకి తిరిగేది. మిగిలిన మూడూ చేరిపోయాయి. అటువంటి చోట చంపడం ఆమెకే చేతనవుతుంది. ఏడుపు బొమ్మ పంపాను. నవ్వే బొమ్మ వచ్చింది. కోపం వచ్చి ఫోను జేబులో పెట్టుకున్నాను.

మంగళవారం ఆడాం. నేను గెలిచాను. బుధ, గురు, శుక్రవారాలు ఆమె రాలేదు. శుక్రవారం బావ నంబరుకు చేస్తే, "ఫోన్ల ఛార్జింగ్ ఎక్కుతలేదు, రిపేరుకిచ్చిన," అన్నాడు. వెనక ఆటోల హారన్లు వినిపిస్తున్నాయి. మైకు కూడా చూపించమన్నాను. "ఆఁ, చెప్పిన," అన్నాడు.

శనివారం నుంచి మళ్లీ ఆట మొదలైంది.

అక్క ఆట మారింది. నా కాయ మూడు గళ్ల ముందుంటే, మూడు పడినా, వేరే కాయను జరుపుతోంది. నా కాయల మధ్య నుంచి తన కాయను ఎవరినీ తాకకుండా నడిపిస్తోంది. ఒక్కో ఎత్తుకు చాలాసేపు తీసుకుంటోంది. నేను వరుసగా గెలుస్తున్నాను.

నా గదిలో ఉండేది మా ఖేడ్ పక్కనున్న కల్హేర్ మనిషి, నాకంటే చిన్నవాడు. ఫోనుల సంగతి నాకంటే అతనికి బాగా తెలుసు. అతనికి ఆట చూపించి, ఇది చూడు, మూడు పడినా చంపలేదు అన్నాను. ఫోను తీసుకుని చూశాడు. కొంచెం ఎక్కువసేపే చూశాడు.

"గిది యాప్ అప్‌డేట్ అన్నా. కొత్తదాంట్ల వేలు పెట్టంగనే వేరే కాయ జరుగుతుంది. నాకు గూడ గట్లనే అయితుంది."

"మరేం చెయ్యాలె?"

"అక్కను యాప్ తీసేసి మళ్ల ఎక్కించుకొమ్మను."

అది ఎలా చేయాలో ఒక్కొక్కటే పెద్ద అక్షరాల్లో టైపు చేసి అక్క ఫోనుకు పంపాను. ముందు ఇది నొక్కు, తర్వాత ఇది, గులాబీ రంగు పెట్టె వచ్చి అడిగితే అవును అని నొక్కు. ఫోను ఆపి మళ్లీ వెలిగించు. వేలు తడిగా ఉంటే తుడుచుకో. ఐదారు రోజులు అటువంటివి పంపుతూనే ఉన్నాను. ప్రతిదానికీ అవతల నుంచి బొటనవేలి బొమ్మ వచ్చింది.

ఆదివారాలు బావ ఫోనుకు చేసేవాణ్ణి. మొదటి ఆదివారం అక్క చర్చికి పోయింది అన్నాడు. రెండో ఆదివారం అడిగాను.

"అక్క ఉన్నదా బావా?"

"పండుకున్నది."

"పగటీలి పండుకునే మనిషి గాదు గద. పెయ్యి మంచిగ లేదా?"

"మంచిగనే ఉన్నది. పానం నిమ్మళంగ ఉన్నది." తర్వాత గొంతు పెంచాడు. "ఊకె పరేషాన్ జెయ్యకు రా. గిరాకీ ఉన్నది, పెట్టేస్తున్న."

నేను దాన్ని విసుగు అనుకున్నాను. ఆ రోజు ఆటలో మళ్లీ నేనే గెలిచాను.

నా పాస్‌పోర్టు వీసా పొడిగింపుకని ఆఫీసులో ఉంది. వచ్చిందేమో అడగడానికి మూడో వారంలో వెళ్లాను. గుమస్తా సొరుగు తెరిచి వెంటనే తీసి ఇచ్చాడు. మూడు వారాల కిందటి మంగళవారమే వచ్చిందట. నువ్వు అడగలేదు, నేను పిలవలేదు అన్నాడు. తప్పేముంది, నాకు తొందర లేదు అప్పుడు. సెలవు పెట్టుకుని, టికెట్టు తీసి, శుక్రవారం వస్తున్నానని అక్క ఫోనుకు రాశాను.

గురువారం భోజనం వేళ అక్క నంబరు నుంచి ఫోను వచ్చింది. ఎత్తగానే దగ్గు వినిపించింది. స్పష్టంగా, పక్కన నిలబడి దగ్గినట్టు.

"మైకు బాగైందా!" అని గట్టిగా అన్నాను. గోదాములో తింటున్నవాళ్లు తలెత్తి చూశారు.

"నేను రా," అన్నాడు బావ.

చేతిలోని అన్నం డబ్బా కింద పెట్టాను.

"అక్క లేదు రా. ఇర్వై రెండు దినాలాయె. దమ్ము లేసింది, ఊపిరాడలే, సంగారెడ్డి దవాఖానకు తీస్కపోయిన. బుధవారం పొద్దుగాల పోయింది. ఎయిర్‌పోర్టుల చెప్దామనుకున్నం. నా తోని అయితలేదు ఇగ."

అతని ప్రతి మాట బాగా వినిపించింది. అది మాత్రం ఇప్పటికీ మరచిపోలేను. దాదాపు రెండు నెలల తర్వాత ఆ ఫోను నోరు తెరిచి చెప్పిన మొదటి మాట అది.

గదికి పోయాను. కల్హేర్ మనిషి డ్యూటీకి పోకుండా ఉన్నాడు. నా బ్యాగు మంచం మీద ఉంది. బట్టలు మడిచి, సర్ది, జిప్పు వేసి ఉంది.

"నీకెప్పుడు తెలుసు?"

"బుధవారమే. అదే పొద్దుగాల బావ ఫోన్ చేసిండు. అన్న పాస్‌పోర్ట్ చేతిల ఉన్నదా అనడిగిండు. లేదు, ఆఫీసుల ఉన్నది, రాదు అని చెప్పిన. రానప్పుడు చెప్పి ఏం జేస్తం అన్నడు."

"ఆఫీసుల అడిగినవా?"

అతను తల వంచుకున్నాడు. అడగలేదు. పాస్‌పోర్టు అప్పటికి ఒక రోజు ముందే వచ్చి సొరుగులో ఉంది. బీదర్ దిక్కు చుట్టాలు రావాలని బావ అక్కను గురువారం దాకా ఉంచాడు. బుధవారం సాయంత్రం విమానం ఎక్కితే గురువారం పొద్దున ఖేడ్‌లో ఉండేవాణ్ణి. ముఖం చూసేవాణ్ణి. మా వాళ్లలో పెట్టె దించాక అందరూ తలా పిడికెడు మట్టి వేస్తారు. తోడబుట్టినవాడి మట్టి ముందు పడాలి. నాలుగు అడుగులు నడిచి ఒక గుమస్తాను అడగకపోవడం వల్ల అది పోయింది.

"మరి అప్‌డేట్ అంటివి?"

"ఇంకేం చెప్పాలె అన్నా?" అన్నాడు.

మనూర్ అతనికి నేను కరెంటు పోయిందని చెప్పాను. ఈ కల్హేర్ మనిషికీ నాకూ తేడా లేదు. ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు. తెలిసినా కోపం తగ్గలేదు. అతనితో మాట్లాడకుండా బ్యాగు తీసుకుని బయటికి వచ్చాను.

ఊరు చేరేసరికి మధ్యాహ్నమైంది. డిపో ముందు బస్సు దిగితే బావ ఆటోతో నిలబడి ఉన్నాడు. సన్నబడ్డాడు. బ్యాగు అందుకున్నాడు. ఇంటికి వద్దు, ముందు అక్కడికే పోనియ్యి అన్నాను.

సమాధుల తోట ఊరి చివర ఉంది. గేటు దగ్గర వంగి పిడికెడు మట్టి తీసుకున్నాను. ఇప్పుడైనా వేద్దామని. ఎర్రగా, పొడిగా ఉంది. బావ చూశాడు.

అక్క సమాధి కట్టేసి ఉంది. సిమెంటు వేసి, పైన తెల్ల టైల్స్ అతికించి, తల దగ్గర పేరు చెక్కిన నల్ల రాయి నిలబెట్టి ఉంది. మట్టి కనబడే చోటే లేదు. మామూలుగా మట్టి దిగడానికి ఒక ఏడాది ఆగి కడతారు. ఒక మూల అప్పుడే సన్నగా బీట వారింది.

"నువ్వొచ్చేవరకు మంచిగ కనవడాలెనని జల్దీ కట్టిపిచ్చిన," అన్నాడు బావ. "మేస్త్రీ వద్దన్నడు. నేను ఇనలే."

పిడికిలి మూసుకునే నిలబడ్డాను. చెమటకు మట్టి ముద్దగా అయింది. చాలాసేపటికి దాన్ని టైల్స్ మీద, ఆమె చేతులు ఉంటాయనుకున్న చోట పెట్టాను. కళ్లు మూసుకున్నాను. ప్రార్థన రాలేదు. కళ్లు తెరిచేసరికి బావ భుజం మీది తువాలతో ఆ మట్టిని తుడుస్తున్నాడు. రోజూ వచ్చి దుమ్ము తుడుస్తాడట. అలవాటుగా చెయ్యి పోయింది. సగం తుడిచాక తెలుసుకుని ఆగాడు.

"అయ్యో," అన్నాడు.

"తుడువు," అన్నాను. "అయిపోయింది గద."

ఆటోలో వెనక కూర్చున్నాను. ముందర అద్దం పక్కన అక్క ఫోను తగిలించి ఉంది. దాన్ని తీసి నా చేతికి ఇచ్చాడు. మైకు సంగతి అడిగాను. అక్క పోయిన తర్వాత వారంలో దుకాణంలో చూపించాడట. బురద పట్టింది, అంతే. దుకాణంవాడు సూదితో తీశాడు. ఐదు నిమిషాలు పట్టలేదు.

"ఐదు నిమిషాలు," అన్నాను.

"తిట్టు. ఎంత తిడ్తవో తిట్టు."

"అక్క నీతోని మాట తీస్కున్నది. నా ముందట."

"తీస్కున్నది." ఆటో నడపడం లేదు. రెండు చేతులూ హ్యాండిల్ మీద పెట్టి ముందుకు చూస్తున్నాడు. "నువ్వు ఆడ ఒక్కనివి. రానీకె తొవ్వ లేదంటిరి. చెప్పి నిన్ను గా గదిల కూసోవెట్టాలెనా? రెండింటికల్ల నీ ఆట మోగుతుండె. ఎత్తకుంటె ఫోన్ జేస్తవ్. అక్క ఏది అంటవ్. గిరాకీ ఇడిసిపెట్టి, డిపో కాడ ఆటోల కూసోని ఆడిన. అది ఆడుతుంటె సూసిన గంతే, నాకేం తెలుసు? నువ్వు యాప్ తీసెయ్యుమంటె తీసేసిన. వేలు తుడుసుకొమ్మంటె తుడుసుకున్న."

"ఒక్క కాయను గూడ చంపలే నువ్వు."

"చంపబుద్ది కాలే."

అతని మెడ వెనక భాగం నా ఎదురుగా ఉంది. అతణ్ణి అంతకుముందు ఎన్నడూ అంత దగ్గరగా చూడలేదు. జాలి పడవలసిన చోటే కూర్చున్నానని తెలుసు. కానీ నాకు వచ్చింది జాలి కాదు. ఇరవై రెండు రోజులు నేను అక్కతో నవ్వాను. నవ్వే బొమ్మలు పంపాను, గెలిచానని గర్వపడ్డాను, మెత్తబడ్డావా అని ఎగతాళి చేశాను. ఆ నవ్వు తీసుకున్నది ఇతనే. చెబుతానని మాట ఇచ్చిన మనిషే.

యాప్ తెరిచాను. పాత ఆటలన్నీ తేదీలతో అందులో ఉంటాయి. సోమవారం ఆట ఆమె గెలిచింది. శనివారం నుంచి అన్నీ నావే. మధ్యలో మంగళవారం ఆట ఒక్కటే ఉంది. అదీ నేనే గెలిచాను. ఆ ఆట నాకు బాగా గుర్తుంది. నా కాయ రెండుసార్లు ఆమెకు అందే దూరంలోకి వచ్చింది. రెండుసార్లూ కావలసిన పందెమే పడింది. రెండుసార్లూ చంపలేదు. ముందురోజు నేను ఏడుపు బొమ్మ పంపినందుకు ఊరుకుందేమో అనుకున్నాను అప్పుడు.

"మంగళవారం ఆట ఎవరాడిండ్రు బావా?"

అతను హ్యాండిల్ మీది చేతులు తీసి తువాలతో ముఖం తుడుచుకున్నాడు.

"అదే ఆడింది. దవాఖానల మంచం మీద. మూతికి మాస్క్ ఉండంగనే ఆడింది."

"నిజం చెప్పు."

"నిజమే రా. నిన్న తమ్మునికి కోపమొచ్చింది, ఇయ్యాల గెలవనీ అన్నది."

మాస్క్ ఉన్న మనిషి అంత మాట ఎలా అంది అని అడగలేదు. అడిగితే ఇంకేదో చెబుతాడు. అది కూడా అలాగే ఉంటుంది, నాకు నొప్పి కలగకుండా చూసి కట్టినట్టు. నిజమైతే, జీవితంలో ఒక్కసారి అక్క నా కాయను వదిలేసింది. కాకపోతే, సోమవారం ఆమె చంపిన కాయే చివరిది. మిగిలినవన్నీ ఆటోలో కూర్చున్న మనిషివి. ఈ రెండింటిలో ఏది జరిగిందో చెప్పగలిగినవాడు ఒక్కడే ఉన్నాడు. అతని మాట నేను నమ్మలేను.

బావ ఆటో స్టార్ట్ చేశాడు. "ఇంటికి పోదాం. అన్నం వండిన," అన్నాడు.

సరే అన్నాను. ఫోను అతనికి తిరిగి ఇవ్వలేదు.